రేవు రేవుకీ రెండు కాగితాలు

ఫ్రెంచి చిత్రకళ చరిత్ర రాసినవాళ్లు పాల్ సిన్యాక్ పేరును ఒంటరిగా రాయడం అరుదు. పక్కన జార్జ్ సెరా పేరు ఉండాల్సిందే. చుక్కలు పెట్టి బొమ్మలు వేసే పద్ధతిని కనిపెట్టినవాడు సెరా. ఆయన 1891లో 31 ఏళ్లకే చనిపోతే, మిగిలిన స్నేహితుడు ఆ పద్ధతికి పెద్దదిక్కై, దాని తరఫున వాదించి, 1899లో దానికో సిద్ధాంతగ్రంథం కూడా రాసిపెట్టాడు. సిన్యాక్ గురించి మామూలుగా తెలిసేది ఇంతే. ఇందులో అబద్ధం లేదు. కాకపోతే సెరా పోయాక ఈయన ఇంకో 44 ఏళ్లు బతికాడు. ఆ కాలంలో చాలా భాగం రేవుల వెంట తిరుగుతూ, చేతిలో కాగితాల పుస్తకంతో, నీటిరంగుల బొమ్మలు వేశాడు. వాటిని ఆయన అసలు పనికి తోకలాగా చూడడం అందరికీ అలవాటైపోయింది. ఆ అలవాటును తిరగేయాలన్నది ఈ వ్యాసం వాదన. రంగుల గురించి, వెలుగు గురించి సిన్యాక్ ఏది నమ్మాడో అది పెద్ద కాన్వాసుల మీద కంటే ఆ చిన్న కాగితాల మీదే ఎక్కువ నిజమైంది. అలా కావడానికి ఆయన చదివిన శాస్త్రం ఎంత కారణమో, ఆయన ఎక్కిన పడవ కూడా అంత కారణం.

సిన్యాక్ 1863 నవంబర్ 11న పారిస్‌లో పుట్టాడు. తండ్రిది గుర్రపు జీన్ల వ్యాపారం, బాగా నడిచిన వ్యాపారం. 1880లో ఆ తండ్రి పోయాక సంక్రమించిన ఆస్తి వల్ల కొడుక్కి బొమ్మలమ్ముకుని పొట్టపోసుకోవాల్సిన అవసరం రాలేదు. అదే ఏడాది మోనే చిత్రాల ప్రదర్శన చూసి, తానూ చిత్రకారుణ్ణే కావాలని నిశ్చయించుకున్నాడు. ఏ గురువు దగ్గరా కుదురుగా శిష్యరికం చేసింది లేదు. సేన్ నది ఒడ్డున అస్నియేర్‌లో ఉండేవాళ్లు కాబట్టి పడవల పిచ్చి మాత్రం కుర్రతనంలోనే పట్టుకుంది. తన తొలి పడవల్లో ఒకదానికి మానే, జోలా, వాగ్నర్ అని ముగ్గురి పేర్లూ కలిపి పెట్టుకున్నాడు: ఒక చిత్రకారుడు, ఒక నవలాకారుడు, ఒక సంగీతకర్త. జీవితం ముగిసేసరికి ఆయన చేతుల మీదుగా 32 పడవలు మారాయని లెక్క. ఈ సంఖ్య వినగానే డబ్బున్నవాడి సరదా అనిపిస్తుంది, ఆ మాటకు తర్వాత వద్దాం. ఇక్కడ గమనించాల్సింది వేరే. సముద్రాన్ని ఒడ్డున నిలబడి చూసి బొమ్మ వేసినవాళ్లు లెక్కలేనంతమంది. గాలి ఎటు మళ్లిందో, తెరచాప ఎప్పుడు దించాలో, ఆటుపోట్ల వేళలేమిటో చూసుకుంటూ ఊరిని నీటివైపు నుంచి సమీపించిన చిత్రకారులు బహుకొద్దిమంది. దీపస్తంభం, చర్చి శిఖరం, రేవుగోడ, ఓడకొయ్యలు ఏ వరుసలో కంటబడతాయో పడవ నడిపేవాడికి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. సిన్యాక్ రేవు చిత్రాలన్నిటి కూర్పులోనూ ఆ వరుస కనిపిస్తుంది.

ఇక ఆ చుక్కల సంగతి. 1884లో, న్యాయనిర్ణేతలూ బహుమతులూ లేకుండా ఎవరైనా తమ బొమ్మలు పెట్టుకోగల ప్రదర్శన కావాలని పారిస్‌లో కొందరు కలిసి స్వతంత్ర చిత్రకారుల సంఘం ఏర్పరచుకున్నారు. దాని వ్యవస్థాపకుల్లో సిన్యాక్ ఒకడు. 1908 నుంచి 1934 దాకా దానికి అధ్యక్షుడు కూడా ఆయనే. సెరాతో స్నేహం ఆ 1884లోనే కలిసింది. సెరా ఆలోచనకు పునాది వేసినవాళ్లలో షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్త ఒకరు. పారిస్‌లోని గోబెలాన్ నేతశాలలో అద్దకాల విభాగాన్ని ఆయన చూసుకునేవాడు. అక్కడి నల్లరంగు వెలవెలబోతోందని ఫిర్యాదులొస్తే, లోపం అద్దకంలో లేదనీ, పక్కన నేసిన రంగు వల్ల నలుపు అలా కనిపిస్తోందనీ కనిపెట్టాడు. పక్కపక్కనున్న రంగులు ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో వివరిస్తూ 1839లో పెద్ద పుస్తకం వేశాడు. మనవాళ్లకు ఇది కొత్తగా చెప్పాల్సిన పని లేదు. నెమలికంఠం పట్టుచీరలో పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు, కంటికి కనిపించేది ఆ రెండూ కాని మూడో మెరుపు. సెరా, సిన్యాక్ కాన్వాసు మీద చేయబోయింది కూడా ఇదే. రంగుల్ని పలకమీద కలిపితే మసకబారతాయి కనుక, కలపకుండా చిన్నచిన్న చుక్కలుగా పక్కపక్కనే పెడితే చూసేవాడి కంట్లో అవే కలుస్తాయనీ, అప్పుడు వెలుగు తగ్గదనీ వాళ్ల నమ్మకం.

నమ్మకం గొప్పదే, ఆచరణలో మాత్రం రెండు చిక్కులు వచ్చాయి. మొదటిది, పరస్పర విరుద్ధమైన రంగుల చుక్కలు మరీ చిన్నవైతే దూరం నుంచి అవి మెరవడం మాని బూడిదరంగుకు దిగిపోతాయి. ఏ వెలుగు కోసం పద్ధతి పుట్టిందో ఆ వెలుగే చేజారుతుంది. రెండోది వేగం. చుక్క చుక్కా పెట్టుకుంటూ ఒక కాన్వాసు నింపడానికి నెలలు పడుతుంది, ఎండ నీడలు అన్నాళ్లు ఆగవు. అప్పటికే పేరుపొందిన పెద్దాయన కమీల్ పిస్సారో ఈ కుర్రాళ్ల పద్ధతిని ఉత్సాహంగా స్వీకరించి, నాలుగైదేళ్లలోనే వదిలేశాడు. కళ్లెదుట కలిగిన అనుభూతిని చల్లారకముందే పట్టుకోవడానికి ఆ పద్ధతి అడ్డొస్తోందన్నది ఆయన కారణం. సిన్యాక్ వదల్లేదు. చుక్కల్ని పెంచి బిళ్లలంత చేశాడు. ఆయన తర్వాతి కాన్వాసులు మొజాయిక్ గోడల్లా కనిపించేది అందుకే. దాంతో మొదటి చిక్కు కొంత సడలింది. రెండోది కాన్వాసు మీద తీరేది కాదు.

అది తీరింది 1892లో. సెరా మరణం తర్వాత సంవత్సరం సిన్యాక్ బ్రిటనీ తీరంలో బయలుదేరి, దక్షిణ ఫ్రాన్సును అడ్డంగా కోసే కెనాల్ దు మిదీ కాలువ మీదుగా మధ్యధరా సముద్రంలోకి దిగి, సాన్ ట్రోపే అనే చిన్న జాలరి ఊరి రేవులో పడవ కట్టాడు. ఆ పడవ పేరు ఒలింపియా, మానే వేసిన ప్రసిద్ధ చిత్రం పేరు. ఈరోజు సంపన్నుల విహారస్థలంగా లోకమంతటికీ తెలిసిన సాన్ ట్రోపేకి అప్పటికి దూరప్రయాణికులు పోటెత్తే రోజులు రాలేదు. ఆయన అక్కడ ఇల్లు ఏర్పరచుకుని ఏళ్ల తరబడి ఉన్నాడు. 1904 వేసవిలో చిత్రకారుడు మతీస్ వచ్చి అక్కడే గడిపాడు, ఆ వేసవి ఫలితంగా మతీస్ వేసిన పెద్ద చిత్రాన్ని సిన్యాక్ స్వయంగా కొన్నాడు. అయితే మన విషయానికి ముఖ్యమైనది సాన్ ట్రోపేలో ఆయన నీటిరంగుల్ని గట్టిగా పట్టుకోవడం. పిస్సారో ప్రోత్సాహం అంతకుముందే ఉంది. పడవలో ఉండేవాడికి ఇది సులువైన సామగ్రి కూడా. ఒక చిన్న రంగుల పెట్టె, రెండు మూడు కుంచెలు, కాగితాల పుస్తకం, గ్లాసుడు నీళ్లు చాలు. తడి నూనెరంగుల కాన్వాసును ఊగే పడవలో ఆరబెట్టడం ఎవరివల్లా కాదు. అప్పటినుంచి ఆయన పని రెండుగా చీలింది. ఆరుబయట నీటిరంగులు, గదిలో నూనెరంగులు. రేవులో కూర్చుని వేసుకున్న కాగితాలను దగ్గర పెట్టుకుని తర్వాత స్టూడియోలో నింపాదిగా పెద్ద కాన్వాసులు కట్టేవాడు.

నీటిరంగు ఎలా పనిచేస్తుందో ఒక్కసారి చూడాలి, వాదనకు మూలం అక్కడుంది. తుమ్మజాతి చెట్ల బంకలో మెదిపిన రంగుపొడి అది. నీళ్లలో పలచబడి కాగితం మీద పారదర్శకమైన పొరగా పరుచుకుంటుంది. నూనెరంగులో వెలుగు కావాలంటే తెల్లరంగు కలపాలి. నీటిరంగులో వెలుగు కాగితానిదే. పైన పడిన వెలుతురు రంగుపొరను దాటి, కింది తెలుపును తాకి, మళ్లీ ఆ పొరలోంచే బయటికొస్తుంది. రంగు తాకించని చోట కాగితమే బొమ్మలో అన్నిటికంటే కాంతివంతమైన భాగం. సిన్యాక్ చేసిందేమిటంటే, ముందు పెన్సిలుతోనో నల్లటి సీమసున్నపు కడ్డీతోనో సిరాతోనో చకచకా గీతలు గీసి, ఆ గీతల మధ్య శుద్ధమైన రంగుల్ని విడివిడి మరకలుగా, పొట్టి పొట్టి కుంచె దెబ్బలుగా వేసి, ఒక్కో దెబ్బ చుట్టూ తెల్లకాగితాన్ని కావాలని ఖాళీగా వదిలేయడం. నారింజ రంగు తెరచాప పక్కన నీలం నీడ ఉంటుంది, రెంటి మధ్యా సన్నని తెల్లటి చీలిక ఉంటుంది. ఆ చీలిక వల్ల రంగులు ఒకదానిలోకొకటి కారవు, మసకబారవు. పక్కపక్కనే ఉండి ఒకదాన్నొకటి రెచ్చగొడతాయి. షెవ్రోల్ చెప్పింది ఇదే, సెరా కోరుకున్నది ఇదే. కాన్వాసు మీద వేల చుక్కలతో సాధించబోయి బూడిదరంగు భయంతో పోరాడాల్సొచ్చింది. కాగితం మీద పట్టుమని వంద దెబ్బలతో అది దొరికింది, అదీ గంటా రెండు గంటల్లో, ఎండ జారిపోకముందే.

నీటిరంగుల్లో తెలుపు వదలడం సిన్యాక్ కనిపెట్టిన విద్య కాదు కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే. సెజాన్ ఆ పని ఎంతో గొప్పగా చేశాడు, సిన్యాక్ దాన్ని చూసి నేర్చుకున్నాడు కూడా. 1898లో టర్నర్ చిత్రాల కోసం లండన్ వెళ్లి అధ్యయనం చేసి వచ్చాడు. ఫ్రాన్సులో స్థిరపడిన డచ్చి చిత్రకారుడు యోంకిండ్ నీటిరంగుల మీద ఆయనకున్న ప్రేమ ఎంతటిదంటే, 1927లో యోంకిండ్ గురించి ఏకంగా ఒక పుస్తకమే ప్రచురించి, అందులో నీటిరంగుల పద్ధతి మీద విడిగా చర్చించాడు. ఎవరు ముందు అన్న పోటీ ఇక్కడ లేదు. సెజాన్ కాగితం మీద తెలుపు ఇంకా వెతుకుతున్న రూపానికి గుర్తు, టర్నర్ కాగితం మీద అది పొగమంచు. సిన్యాక్ కాగితం మీద తెలుపు రెండు రంగుల మధ్య గట్టు. ఒక సిద్ధాంతాన్ని నమ్మినవాడు మాత్రమే దానికి ఆ పని అప్పగించగలడు.

ఆ సిద్ధాంతానికి ఎప్పటికప్పుడు కొత్త పరీక్ష పెట్టినవి ప్రయాణాలు. 1904లో వెనిస్, 1906లో హాలెండులోని రోటర్‌డామ్, 1907లో కాన్‌స్టాంటినోపుల్, అంటే నేటి ఇస్తాంబుల్, మరుసటేడు మళ్లీ వెనిస్. వెనిస్‌లో రాతికట్టడాలు నీళ్లలోంచి నేరుగా లేస్తాయి, కట్టడానికీ దాని ప్రతిబింబానికీ మధ్య గీత గీయడమెలా అన్నది అక్కడి ప్రశ్న. రోటర్‌డామ్‌లో ఆవిరి ఓడల పొగ, ఎత్తుడు యంత్రాలు, బూడిదరంగు ఉత్తరాది ఆకాశం. మధ్యధరా ఎండకు అలవాటుపడిన రంగులు అక్కడ పనికొస్తాయా అన్నది పరీక్ష. కాన్‌స్టాంటినోపుల్‌లోని గోల్డెన్ హార్న్ దగ్గర మసీదు గుమ్మటాలు పొద్దుటి మంచులో తేలుతుంటే, వాటి ముందు తెరచాప పడవలు కిక్కిరిసి ఉంటాయి. యూరప్ చిత్రకారులు తూర్పుదేశాలకు వెళ్లి అంతఃపురాలనూ బజార్లనూ బానిసలనూ ఊహించి వేయడం ఆ రోజుల్లో పెద్ద రివాజు. సిన్యాక్ ఆ జోలికి పోలేదు. కాన్‌స్టాంటినోపుల్ కూడా ఆయనకొక రేవే, రోటర్‌డామ్‌ను చూసిన కళ్లతోనే దాన్నీ చూశాడు. ఆ సమదృష్టిని నేను గౌరవిస్తాను.

ఇప్పుడు అన్నిటికంటే బలమైన అభ్యంతరం. నీటిరంగులను సిన్యాక్ స్వయంగా నోట్సుగానే భావించాడు కదా, స్టూడియోలో వేయబోయే చిత్రాలకు ముడిసరుకుగానే వాడుకున్నాడు కదా, ఆయనే చిన్నవిగా చూసినవాటిని మనం పెద్దవి చేయడం న్యాయమా? మొదటి ఇరవై ఏళ్ల విషయంలో ఈ మాట చాలావరకు నిజం. ఆ కాలపు కాగితాల్లో ఎన్నో తర్వాత కాన్వాసులయ్యాయి. కానీ 1910 ప్రాంతం దాటాక తూకం మారుతూ వచ్చింది. నూనెరంగుల చిత్రాలు తగ్గాయి, నీటిరంగులు పెరిగాయి. దేనికీ ముందుచిత్రం కాని, తమంతట తామే పూర్తయిన కాగితాలు వందల్లో వచ్చాయి. ఒక కళాకారుడు తన పనిని మాటల్లో ఎలా పిలిచాడన్నదానికంటే, ఉన్న కాలాన్ని దేనిమీద వెచ్చించాడన్నది నమ్మదగిన సాక్ష్యం. 65 ఏళ్ల వయసులో తన జీవితంలోకెల్లా విస్తారమైన పథకం ఒకటి తలపెట్టినప్పుడు ఆయన దానికోసం ఎంచుకున్నది పూర్తిగా నీటిరంగులనే.

ఆ పథకం పేరు ఫ్రాన్సు రేవులు. దీనికో రాజవంశపు పూర్వకథ ఉంది. 1753లో పదిహేనో లూయీ తరఫున జోసెఫ్ వెర్నే అనే చిత్రకారుడికి దేశంలోని ప్రధాన రేవులను చిత్రించమని ఆదేశం వచ్చింది. వెర్నే దాదాపు పన్నెండేళ్లు కుటుంబంతో ఊరూరా తిరిగి, అనుకున్నవాటిలో 15 పెద్ద కాన్వాసులు పూర్తిచేసి ఆగిపోయాడు. సిన్యాక్ పథకానికి రాజు లేడు. గాస్టాన్ లెవీ అనే వ్యాపారి ముందుకొచ్చాడు, తర్వాత ఫ్రాన్సంతటా విస్తరించిన మోనోప్రీ దుకాణాల స్థాపకుల్లో ఒకడు. ఒప్పందం సూటిగా ఉంది. దాదాపు 100 రేవులకు వెళ్లాలి, ఒక్కో రేవులో రెండు నీటిరంగుల చిత్రాలు వేయాలి, ఒకటి లెవీకి, ఒకటి చిత్రకారుడికి. 1929లో మధ్యధరా తీరంలోని సెట్ రేవుతో మొదలుపెట్టి, ఈసారి పడవ బదులు కారులో, అట్లాంటిక్ తీరం, బ్రిటనీ, నార్మండీ, ఇంగ్లిష్ చానెల్ తీరమంతా తిరిగి 1931కల్లా పూర్తిచేశాడు. వెర్నేకు పన్నెండేళ్లలో 15, ఈయనకు రెండేళ్లలో సుమారు 200. ఇద్దరిలో ఎవరు గొప్ప అని ఈ అంకెలు తేల్చవు. నూనెరంగు, నీటిరంగు ఏయే పనికి పుట్టాయో మాత్రం తేల్చి చెబుతాయి. వెర్నే కాన్వాసులో రేవు అంటే రాజ్యసంపద, ప్రతి మూటా ప్రతి ఫిరంగీ లెక్క చూపించే జమాఖర్చు పుస్తకం. సిన్యాక్ కాగితంలో రేవు అంటే ఆ పూట గాలి, ఆ పూట ఆటుపోటు. సాన్ మాలోలో న్యూఫౌండ్‌లాండ్‌కు చేపలవేట కోసం వెళ్లే పెద్ద తెరచాప ఓడలు జెండాలతో నిలబడి ఉంటాయి. లా రొషెల్‌లో రెండు పాత బురుజుల మధ్యనుంచి జాలరి పడవలు తోసుకుంటూ వస్తాయి. మరో రేవులో నీళ్లు దిగిపోయి పడవలన్నీ బురదలో ఒక పక్కకు ఒరిగి ఉంటాయి.

రెండు వందల కాగితాల్లో విసుగు పుట్టదా అంటే, కొన్నిచోట్ల పుడుతుంది. ఆకాశంలో ఒకే రకం మెలికల మేఘాలు, నీళ్లలో ఒకే రకం వంకీలు, చేతికి అలవాటైన గీత కంటికంటే ముందు పరిగెత్తిన కాగితాలు ఈ సంపుటిలో ఉన్నాయి. వాటిని కూడా కళాఖండాలని దబాయించడం సిన్యాక్‌కు మేలు చేయదు. కానీ రేవు మారినప్పుడు నిజంగా మారినవాటిని పక్కపక్కన పెట్టి చూస్తే, చేయి ఎక్కడ అలవాటుకు లొంగిందో, ఎక్కడ కొత్త రేవు దాన్ని మేల్కొల్పిందో స్పష్టంగా తెలుస్తుంది. నూనెరంగుల్లో ఈ తేడా దాచేయవచ్చు, పైపూత మీద పైపూత వేసి దిద్దుకోవచ్చు. నీటిరంగు దిద్దుబాటు ఒప్పుకోదు. అందుకే ఆ సంపుటిలో మంచీ చెడూ రెండూ బట్టబయలుగా ఉన్నాయి.

మరొక అభ్యంతరం నైతికమైనది, అది ఆ 32 పడవల దగ్గర మొదలవుతుంది. సిన్యాక్ అరాజకవాది. అరాజకవాద పత్రికలకు బొమ్మలిచ్చాడు, డబ్బిచ్చాడు. యజమానులూ పోలీసులూ లేని లోకంలో మనుషులు పనీ విశ్రాంతీ సమానంగా పంచుకోవడాన్ని ఊహిస్తూ 1893 నుంచి 1895 దాకా శ్రమించి గోడంత చిత్రం వేశాడు. అది ఇప్పుడు పారిస్ శివారులోని మాంత్రెయ్ పురపాలక భవనంలో ఉంది. మొదటి ప్రపంచయుద్ధం మొదలైనప్పుడు తోటివాళ్లు చాలామంది దేశభక్తి వైపు కొట్టుకుపోతే ఈయన శాంతివాదం మీదే నిలబడి, బొమ్మలు వేయడం దాదాపు మానుకునేంతగా కుంగిపోయాడు. అలాంటివాడు సొంత పడవల్లో తిరుగుతూ, రేవుల్లో బస్తాలు మోసే కూలీలను వదిలేసి తెరచాపల రంగులు వేసుకోవడమేమిటి? ప్రశ్న తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. వారసత్వపు డబ్బే ఆయనకు ఆ స్వేచ్ఛనిచ్చింది, అది లేని పిస్సారో కుటుంబాన్ని పోషించుకోవడానికి ఎంత అవస్థ పడ్డాడో తెలిసిందే. ఆయన కాగితాల్లో మనుషులు చిన్నవాళ్లు, రెండు మూడు గీతల్లో తేలిపోతారు. అయితే పని మాత్రం ఎక్కడా తేలిపోలేదు. సిన్యాక్ వేసినవి విహారనౌకలు కావు. చేపల పడవలు, సరుకు ఓడలు, లాగుడు పడవలు, ఆరేసిన వలలు. ఏ తాడు ఏ కొయ్యకు కట్టాలో, ఏ తెరచాప ఏ రకం వేటపడవదో పొరపాటు లేకుండా గీశాడు. పనిముట్టును అంత శ్రద్ధగా చూడడం పనివాణ్ణి చూడడంతో సమానం కాదు, నిజమే. కానీ అది పనివాణ్ణి విస్మరించడం కూడా కాదు. స్వతంత్ర చిత్రకారుల సంఘాన్ని పాతికేళ్లు నడిపి, తనకు నచ్చని పద్ధతుల్లో వేసే కుర్రాళ్లకు కూడా గోడ మీద చోటు ఇవ్వడంలో ఆయన రాజకీయం ఆచరణలో కనిపిస్తుంది. దాన్ని వెతకాల్సిన చోటు అది, నీటిరంగుల కాగితం కాదు.

ఈ కాగితాలకు ఆయన ఊహించని విలువ ఒకటి తర్వాత చేరింది. సిన్యాక్ 1935 ఆగస్టు 15న పారిస్‌లో చనిపోయాడు. ఆ ఏడాది వసంతంలో కూడా కోర్సికా దీవికి వెళ్లి బొమ్మలు వేసుకొచ్చాడు. పదేళ్లు తిరక్కుండానే ఆ రేవుల్లో చాలావాటి రూపు చెరిగిపోయింది. 1943 మొదట్లో లోరియాన్ బాంబుల కింద నేలమట్టమైంది. అదే సమయంలో మార్సెయ్ పాతరేవు పక్కనున్న పేటను జర్మన్ సైన్యం పేల్చివేయించింది. 1944లో సాన్ మాలో తగలబడింది, ల హావ్ర్ నగర మధ్యభాగం శిథిలమైంది. అందువల్ల ఇప్పుడు కొందరు వీటిని చారిత్రక ఆధారాలుగా చూస్తున్నారు. దీన్ని కొంచెం జాగ్రత్తగా తీసుకోవాలి. ఒక ఇంటికి ఎన్ని కిటికీలో తెలుసుకోవడానికి సిన్యాక్ పనికిరాడు, ఫొటోలున్నాయి. నలుపు తెలుపు ఫొటోలు చెప్పలేనిదల్లా ఆ రేవుల రంగు, ఉప్పుగాలిలో వెలిసిన తెరచాపల కాషాయం, తారు పూసిన పడవల నలుపు పక్కన నీటి ఆకుపచ్చ. ఆ సమాచారం ఇంత విస్తారంగా, ఇంత తక్కువ వ్యవధిలో, ఒకే కంటితో సేకరించినవాడు ఇంకొకడు కనబడడు.

లెవీ కథ విషాదం. ఆయన యూదుడు. నాజీల ఆక్రమణలో ఆయన సేకరణలోంచి చిత్రాలు దోపిడీకి గురయ్యాయి. వాటిలో ఒకటైన సిన్యాక్ 1887 నాటి నూనెరంగుల చిత్రం, సేన్ ఒడ్డున క్లీషీ రేవుగట్టు, ఒక జర్మన్ చిత్రవ్యాపారి కుమారుడి ఇంట్లో బయటపడి 2019లో లెవీ వారసులకు తిరిగొచ్చింది. రేవుల సంపుటి మాత్రం ఒక్కచోట నిలవలేదు, మ్యూజియాలకూ సొంత సేకరణలకూ చెల్లాచెదురైంది. ఇంత పని చేసినా లోకం సిన్యాక్‌ను చుక్కల మనిషిగానే గుర్తుపెట్టుకోవడానికి ఇదొక కారణమైతే, నీటిరంగు స్వభావం ఇంకో కారణం. వెలుతురు తగిలేకొద్దీ అందులోని రంగులు కొన్ని వెలిసిపోతాయి, కాగితం పండుబారుతుంది. కాబట్టి ఏ మ్యూజియమూ వీటిని ఏళ్ల తరబడి గోడకు వేలాడదీయదు. కొన్ని నెలలు మసక వెలుతురులో చూపించి మళ్లీ చీకటి సొరుగుల్లోకి చేరుస్తుంది. నూనెరంగుల కాన్వాసు ఏడాది పొడవునా గోడమీదే ఉంటుంది, వచ్చినవాళ్లందరి కంటా పడుతుంది, పుస్తకాల అట్టలకెక్కుతుంది. అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో లిటిల్ రాక్ నగరపు మ్యూజియంలో సిన్యాక్ కాగితపు చిత్రాలు వందకు పైగా ఒక్కచోట ఉన్నాయి. ఆ దేశంలో మన తెలుగువాళ్లు ఊరూరా ఉన్నారు. ఆ వైపు వెళ్లేవాళ్లు బయలుదేరేముందు, ఆ కాగితాలు ఆ నెలలో ప్రదర్శనలో ఉన్నాయో లేదో మ్యూజియంకు ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది.